ఒతీలియా కలిపిన రంగు

మా వీధిలో దోన్ కసిమీరో ఇంటి తలుపు పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా బార్లా తెరిచే ఉంటుంది. గాలి కోసం అనుకునేరు. కాదు. దారినపోయేవాళ్ళలో ఎవరైనా తల తిప్పి "బాగున్నారా" అంటారేమోనని. అనేవాళ్ళు అంటారు, ఎక్కువమంది ఫోను చూసుకుంటూ పోతారు. ఆయన మాత్రం గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, ఎవరు పలకరించినా పలకడానికి సిద్ధంగా కూర్చుని ఉంటాడు.

ఎదురు కొట్టు నాది. ఎల్వీరా కొట్టు అంటే మా ఆంతిగ్వా ఊళ్ళో ఈ పక్కన తెలియనివాళ్ళు లేరు. కొవ్వొత్తులు, సబ్బులు, నల్ల చిక్కుళ్ళు అమ్ముతాను. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్కాలం వస్తే రంపపు పొట్టుకి కలిపే రంగు పొడులు కూడా. నా నోరు మంచిది కాదని కూడా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ మాట అన్నవాళ్ళే నా బల్లమీద మోచేతులు ఆనించి పూటలకి పూటలు కబుర్లు చెప్పిపోతారు, అది వేరే సంగతి.

కూడలి దగ్గర కసిమీరోకి ఫోటో స్టూడియో ఉండేది. పాస్‌పోర్టు ఫోటోలు, తెల్లగౌన్లు వేసుకుని చర్చిలో మొదటి సత్ప్రసాదం తీసుకునే పిల్లల ఫోటోలు. అది పొట్టకోసం. ప్రాణం మాత్రం స్లైడు ఫిలిం మీద ఉండేది. ఆ ఫిలింకి నెగెటివు ఉండదు, కాయితం మీద అచ్చు వేయించే పనీ ఉండదు. కడిగిస్తే రంగుల బొమ్మే నేరుగా చిన్న చట్రంలో కూర్చుని వస్తుంది. దాన్ని ప్రొజెక్టరులో పెట్టి దుప్పటిమీద వేస్తే, ఎరుపంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. నీడలు బావి అడుగులా ఉంటాయి. పెచ్చులూడిన మా గోడలే అంత అందంగా ఉంటాయా అని మాకే ఆశ్చర్యం వేసేది.

తపస్కాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఊరేగింపు మా వీధి మీదుగా పోతుంది. ఊదా అంగీలు తొడుక్కున్న మగవాళ్ళు శిలువ మోసే స్వామి విగ్రహాన్ని భుజాలమీద మోసుకుంటూ వస్తారు. వాళ్ళ కాళ్ళకింద పడాలని ఎవరి ఇంటిముందు వాళ్ళం రోడ్డుమీద తివాచీ వేస్తాం. రంపపు పొట్టుని రంగునీళ్ళలో తడిపి, అట్టల్లో కోసిన అచ్చులమీద జల్లెడతో జల్లి పువ్వులూ పిట్టలూ తీరుస్తాం. పొద్దున్నుంచి నడుం విరిగేలా వేసినదాన్ని మోసేవాళ్ళు వచ్చి తొక్కుకుంటూ పోతారు. వాళ్ళ వెనకే చెత్తబండి వచ్చి పారలతో ఎత్తుకుపోతుంది. ఆ పూట ఎవరి తివాచీమీద వాళ్ళం మోకాళ్ళమీద ఉంటాం, పక్కవాళ్ళది తీరిగ్గా చూసేదెప్పుడు? అందుకని ఎవరిది ఎలా ఉందో చెప్పడానికి మిగిలేవి కసిమీరో తీసిన స్లైడ్లే. ఈస్టర్ దాటాక ఒక సాయంత్రం పెరట్లో దుప్పటి కట్టి వీధందరినీ పిలిచేవాడు. మేం మొక్కజొన్న అంబలి తాగుతూ చూసేవాళ్ళం. దుప్పటిమీద ఏది పడితే అదే నిజం, ఇంకెవరూ ఏమీ అనడానికి ఉండేది కాదు.

ఆయన భార్య ఒతీలియా ప్రతి ఏడూ ఒకటే పువ్వు వేసేది. వాళ్ళ ఇంటిముందు జకరాండా చెట్టుంది. సరిగ్గా తపస్కాలానికి ఆకులన్నీ రాల్చుకుని ఒళ్ళంతా పూస్తుంది. నీలమూ కాదు, ఊదా కూడా కాదు, రెంటికీ మధ్యన ఉండే రంగు. ఒతీలియాకి ఆ రంగే కావాలి. నా దగ్గర నీలం పొడీ, ఊదా పొడీ పట్టుకెళ్ళి, రాలిన పువ్వు ఒకటి పక్కన పెట్టుకుని, చిటికెడు చిటికెడు వేసి కలుపుతూ కూర్చునేది. కూర సంగతి మర్చిపోయి మాడ్చేసిన రోజులు కూడా ఉన్నాయి.

తీరా దుప్పటిమీదకి వచ్చేసరికి ఆ పూలు గులాబీ రంగులో పడేవి. ఒక ఏడు కాదు, ప్రతి ఏడూ అంతే.

మా వీధిలో అందరికన్నా పెద్దావిడ దోన్యా బెనీతా ముందువరసలో కూర్చుని, "ఏమే ఒతీలియా, ఇది జకరాండానా, పుట్టినరోజు కేకా?" అనేది. అందరం పడీపడీ నవ్వేవాళ్ళం.

"నేను కలిపింది నీలం పెద్దమ్మా. ఈయన ఫిలిమే తాగొచ్చింది" అనేది ఒతీలియా.

కసిమీరో ప్రొజెక్టరు పక్కనుంచి, "ఫిలిం అబద్ధం చెప్పదు ఒతీలియా. ఎల్వీరా ఎరుపు చూడు, ఎంత బాగా వచ్చిందో. ఆ పక్కవాళ్ళ ఆకుపచ్చ చూడు. అందరివీ సరిగ్గా వచ్చి నీ ఒక్కదానివే తేడాగా వస్తే, ఫిలింకి నీమీద పగా?" అనేవాడు. ఆయన ఎగతాళికి అన్నది కాదు. తీసేటప్పుడు తన కంటికి ఏ రంగు కనపడిందో కూడా మర్చిపోయేంతగా ఆ ఫిలింని నమ్మాడు. పెళ్ళాం మాటకన్నా నమ్మాడు, అదీ నా కోపం.

మరుసటేడు ఒతీలియా ఇంకాస్త నీలం వేసేది. అయినా గులాబీయే. ఆ పై ఏడు ఇంకాస్త. అదే గులాబీ. చివరికి కసిమీరోయే అన్నాడు, "వయసు మీదపడ్డాక కళ్ళు అలాగే మోసం చేస్తాయి. డాక్టరుకి చూపించుకుని అద్దాలు పెట్టించుకో" అని. వెళ్ళింది. ఆ డాక్టరు అంతా చూసి, కళ్ళు బాగానే ఉన్నాయమ్మా అన్నాడట. ఈవిడ వినలేదు. అద్దాలు కావాల్సిందేనని కూర్చుంది. ఈవిడ పోరు పడలేక ఏదో ఉందా లేదా అన్నట్టు కాస్త పవరు వేసి ఇచ్చాడు. గోధుమరంగు ఫ్రేము. ఆ ఏడు అవి పెట్టుకునే రంగు కలిపింది.

ఒకరోజు కొవ్వొత్తులకి వచ్చి, బల్లమీదకి వంగి, చిన్నగా అంది. "ఎల్వీరా, అద్దాల్లోంచి చూసినా నాకది నీలంగానే ఉందే."

ఆ తరవాత రంగు కలపడం మానేసింది. అడిగితే, నా కళ్ళని నమ్ముకోకండి, ఆయన్నడగండి అనేది. ఆఖరి తపస్కాలం గుమ్మంలో పీట వేసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, మేం వేసుకుంటుంటే చూస్తూ కూర్చుంది. నేను ఆకుపచ్చ ఎత్తి చూపించి, సరిపోయిందా అని అడిగాను. "నాకేం తెలుస్తుందే" అంది. అప్పటికి ఆవిడ అద్దాలు తియ్యడం కూడా మానేసింది.

ఆవిడ పోయాక కసిమీరో ఇంటిముందు తివాచీ పడలేదు. వీధంతా రంగులు, ఆ ఇంటిముందు మాత్రం ఉత్త రాళ్ళు. దుప్పటీ కట్టలేదు. కానీ మునిమాపు వేళ ఆయన గదిలో ప్రొజెక్టరు చప్పుడు మాత్రం నా కొట్లోకి వినపడేది. ఒక్కడూ కూర్చుని వేసుకుని చూసుకునేవాడు. ఒక కుండెడు చిక్కుళ్ళు వండుకుని వారమంతా అవే తినేవాడు. పిల్లాజెల్లా లేరు. ఆ ఇంట్లో మనిషి గొంతు వినపడాలంటే ఆయన దగ్గాలి, అంతే.

ఈ ఏడు తపస్కాలం మొదట్లో నా కొట్టుకి వచ్చాడు.

"ఎల్వీరా, ఈసారి తివాచీ వేస్తాను. ఒతీలియాదే. అదే పువ్వు, అదే రంగు."

నాకు సంతోషమేసింది. "వెయ్యండి దోన్ కసిమీరో, ఇప్పటికైనా బుద్ధొచ్చింది. ఏ పొడి ఇమ్మంటారు?"

"గులాబీ. దాన్లోకి కొంచెం ఊదా."

"ఒతీలియా నా దగ్గర ఏనాడూ గులాబీ తీసుకోలేదే."

"ఇంకెక్కడో కొని ఉంటుంది."

"నాకు చెప్పకుండా ఇంకో కొట్లో కొనేంత ధైర్యం ఈ వీధిలో ఎవరికుంది?"

నవ్వాడు కానీ పట్టు వదల్లేదు. నిజం చెప్పొద్దూ, నేను మాత్రం గట్టిగా ఏం చెప్పగలను? ఆవిడకి అమ్మింది నీలం. కానీ కళ్ళు మూసుకుని ఒతీలియా తివాచీని తలుచుకుంటే నాకూ గులాబీయే కనపడుతుంది, ఆ దుప్పటిమీదిదే. ఇచ్చి పంపాను.

తీసుకెళ్ళి పొట్టు నానబెట్టి, రంగు కలిపి, బస్తాలకెత్తాడు. కానీ తృప్తి కుదరలేదు. స్లైడుతో పోల్చి చూసుకోవాలి, ఈ వయసులో ప్రొజెక్టరుని తొట్టి దగ్గరికి పెరట్లోకి మోసుకెళ్ళలేడు. అందుకని తమ్ముడి కూతురు మార్లేనిని రాజధానినుంచి రమ్మన్నాడు. ఆ పిల్ల పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తుంది. మెడలో వేలాడే డిజిటల్ కెమెరా ఆ పిల్లకన్నా బరువు. స్లైడుని వెనకనుంచి వెలుతురు పడేలా పెట్టి కెమెరాతో తీసి, ఫోనులో పెట్టిస్తే, తొట్టి పక్కన పెట్టుకుని రంగు సరిచూసుకుంటానన్నాడు.

మార్లేని వచ్చిన పూట నన్ను కూడా కాఫీకి పిలిచాడు. పేరుకి కాఫీ, అసలు పని ఆయనకీ ఆ పిల్లకీ మధ్యన తీర్పు చెప్పడం. అసలు అది కూడా కాదు, ఇంట్లో ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకుంటుంటే వినాలని ఆయన ఆశ.

అప్పటికే మొదలైంది గొడవ. మార్లేని ఆ గదినే ఒక ఫోటో తీసి చూపించింది. "చూడండి పెదనాన్నా, బల్లకింద పడుకున్న పిల్లి కూడా కనపడుతోంది. మీ ఫిలింలో అయితే అక్కడ తారు పూసినట్టు ఉంటుంది."

"బల్లకింద పిల్లి ఎవరిక్కావాలే? నీ కెమెరా అన్నీ చూపిస్తుంది. దేన్ని చూడాలో మాత్రం చెప్పదు. ఆ ఎరుపు చూడు, ఉడకబెట్టి నీళ్ళు పిండేసినట్టుంది."

"గోడ ఎరుపు అంతే ఉంది. మీ ఫిలింకి ప్రతిదాన్లోనూ మిరపకాయ వెయ్యందే తోచదు. ఎల్వీరత్త కబుర్లలాగ."

"నా కబుర్ల జోలికి రాకు పిల్లా" అన్నాను.

"నీదాన్లో సూర్యాస్తమయం తీస్తే తెల్లారినట్టుంటుంది" అన్నాడాయన.

"అది వేరే తప్పు. నీడలో తీస్తే నీలం ఎక్కువ పోస్తుంది, మేం సరిచేసుకోవాలి. మాది తప్పు చెయ్యదని నేనన్నానా? మీదే దేవుడంటారు మీరు."

అలా కొట్టుకుంటూనే కిటికీ దగ్గర బల్లమీద వెలుగుపెట్టె పెట్టుకుని స్లైడ్లు ఒక్కొక్కటీ తీస్తోంది. తివాచీల పెట్టె అయిపోయాక అలమారులోంచి ఇంకో చిన్న పెట్టె తీసింది. "ఇవేమిటి?"

"అవి ఊరికే. ఇంట్లోవి" అన్నాడు కసిమీరో. అవి ఆయన ఎవరికీ వేసి చూపించినవి కావు. ఒంటరిగా వేసుకునేవి అవేనని నాకప్పుడు అర్థమైంది.

మార్లేని ఒక స్లైడు వెలుగుపెట్టె మీద పెట్టి, కళ్ళు చిట్లించి, తలెత్తి కిటికీలోంచి బయటికి చూసింది. మళ్ళీ స్లైడు చూసింది. మళ్ళీ బయటికి.

"పెదనాన్నా, ఒతీలియా పెద్దమ్మ నిలబడింది ఏ చెట్టుకింద?"

"ఏ చెట్టేమిటి, మన గుమ్మంలోదే."

"ఇదేనా? ఈ కిటికీ బయట ఉన్నదేనా?"

"ఈ వీధిలో ఇంకో చెట్టెక్కడుంది?"

"మరి ఇది గులాబీ రంగులో ఎందుకుంది?"

నేను లేచి వెళ్ళి చూశాను. ఒతీలియా వయసులో ఉన్నప్పటిది. ఏప్రను కట్టుకుని నవ్వుతోంది, జుట్టునిండా రాలిన పూలు. చర్మం రంగు సరిగ్గా ఉంది, ఏప్రను తెలుపు సరిగ్గా ఉంది, వెనక గోడ పసుపు సరిగ్గా ఉంది. పూలు మాత్రం గులాబీ. తలెత్తితే కిటికీలో అదే చెట్టు, అదే ఎండ, కొమ్మకొమ్మకీ నీలంగా.

అన్నేళ్ళనుంచి ఆయన ఆ స్లైడు చీకట్లోనే చూసుకున్నాడు. పగటిపూట చెట్టు పక్కన పెట్టి చూడాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. చూసింది ఆవిడ మొహం, పూలని కాదు.

మార్లేని మెల్లగా చెప్పింది. "ఇది పువ్వుల ఫోటోలు తీసేవాళ్ళందరికీ తెలిసిన గొడవే పెదనాన్నా. కొన్ని నీలం పూలు, ఎరుపుకి ఆఖరి అంచున కంటికి దాదాపు ఆనని వెలుగు ఒకటి బాగా వెదజల్లుతాయి. మన కన్ను దాన్ని పట్టించుకోదు. ఈ ఫిలిం పట్టుకుని ఎరుపు కింద రాసేసుకుంటుంది. మా కెమెరాల్లో బొమ్మ పట్టే సెన్సరు ముందు దాన్ని ఆపడానికి ఒక అద్దం పెడతారు. కొన్ని రంగు పొడులు కూడా ఆ పూలలాగే చేస్తాయి. పెద్దమ్మ కలిపింది..."

"నీలం" అన్నాడు కసిమీరో.

కుర్చీలో కూర్చున్నాడు. పిల్లి వచ్చి కాళ్ళకి రాసుకుంటున్నా చూడలేదు. తరవాత లేచి లోపలికెళ్ళి, ఆవిడ కళ్ళద్దాలు పట్టుకొచ్చి బల్లమీద పెట్టాడు. గోధుమరంగు ఫ్రేము. మార్లేని తీసి పెట్టుకుని చూసింది, తీసేసింది, మళ్ళీ పెట్టుకుంది.

"దీన్లో పవరేమీ లేదు. దాదాపు కిటికీ అద్దమే" అంది.

"చచ్చిపోయేదాకా పెట్టుకుంది" అన్నాడాయన. "తన కళ్ళు పోయాయనుకుంది. నేనే అనిపించాను."

ఆ పిల్ల ఏదో ఓదార్చబోయింది. నేను మోచేత్తో పొడిచి ఆపాను. కొన్నిటికి ఓదార్పు చెప్తే ఒళ్ళుమండుతుంది. నాకూ ఏడుపొచ్చింది, కొట్లో ఎవరూ లేరని చెప్పి లేచొచ్చేశాను.

మర్నాడు గులాబీ పొట్టు బస్తాలన్నీ దోన్యా బెనీతా ఇంటికి పంపేశాడు, ఆవిడ తివాచీమీద రోజాపూలు వేసుకుంటుందని. నా దగ్గరికొచ్చి నీలం, ఊదా అడిగాడు. నేనేమీ అనకుండా ఇచ్చాను, నాకది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకి తెలుసు. చెట్టుకింద తొట్టి పెట్టుకుని, రాలిన పువ్వొకటి గట్టుమీద పెట్టి, చిటికెడు చిటికెడు వేసి కలిపాడు. కుదరక పారబోశాడు. మళ్ళీ కలిపాడు. పూలు వాడిపోతే కొత్తవి ఏరుకొచ్చాడు. ఒకసారి నేను దాటుతుంటే తలెత్తి, "ఇంత పని ఆవిడ ఒక్కత్తే చేసేదా ఎల్వీరా? నేను కెమెరా తుడుచుకుంటూ కూర్చునేవాణ్ణి" అన్నాడు. చేతులు మోచేతులదాకా నీలం.

ఊరేగింపు ఆదివారం పొద్దున్నే మార్లేని కూడా వచ్చి, తివాచీ చెదరకుండా అడ్డంగా వేసిన చెక్కపలకమీద మోకాళ్ళూనింది. ముసలాయన నడుం పట్టేసినా లేవలేదు. మధ్యాహ్నానికి తివాచీ అయింది. పైన చెట్టు, కింద రోడ్డుమీద చెట్టు. రాలిన పువ్వు ఒకటి తివాచీమీద పడితే ఏది పువ్వో ఏది పొట్టో తేల్చుకోలేకపోయాను. మార్లేని కెమెరా ఎత్తి, "తియ్యనా పెదనాన్నా?" అంది. "తియ్యి. తీశాక చెట్టుతో పోల్చి చూడు. నీ పెట్టె మాటే నిజమనుకోకు" అన్నాడు.

ఈసారి ఊరేగింపు ఆలస్యమై, వీధివాళ్ళకి అటూ ఇటూ తిరిగి చూసే తీరిక దొరికింది. ఆయన తివాచీ పక్కనే నిలబడి, వచ్చినవాళ్ళకల్లా చెప్పడం మొదలెట్టాడు. ఒతీలియా రంగు ఇదే, గులాబీ కాదు, ఫిలిం తప్పు చూపించింది అని. అందరూ తలూపారు. "అలాగే దోన్ కసిమీరో, చాలా బాగుంది" అన్నారు. నాలుగడుగులు వెయ్యగానే ఒకరితో ఒకరు, పాపం, ఆవిడది గులాబీ కదూ, మర్చిపోయాడు అనుకుంటూ పోయారు. నా చెవులతో విన్నాను. ఒకాయనకి అడ్డం తగిలి నేనూ చెప్పాను. నన్నూ జాలిగానే చూశాడు. నమ్మాల్సిన ఒక్కమనిషి లేకుండా పోయింది, ఇంక ఎవరు నమ్మితే ఏం, నమ్మకపోతే ఏం? ఆయనకీ అది తెలుసు. అయినా చెప్తూనే ఉన్నాడు.

దూరాన బాజాలు వినపడుతుండగా దోన్యా బెనీతా కర్ర ఊతంగా పెట్టుకుని వచ్చింది. తివాచీని ఈ చివరనుంచి ఆ చివరకి చూసింది.

"అబ్బాయ్ కసిమీరో, బాగా వేశావు. కానీ ఒతీలియాది గులాబీ రంగు కదరా."

"కాదు పెద్దమ్మా. ఆవిడదీ ఇదే రంగు."

"నాకు చెప్తావేమిటి? నీ దుప్పటిమీదే ఏటేటా చూశాగా."

"దుప్పటిమీద పడింది తప్పు పెద్దమ్మా. ఆవిడ చెప్పిందే నిజం. నేను వినలేదు."

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు నిమిరింది. "పోనీలే నాయనా. వయసు మీదపడ్డాక కళ్ళు అలాగే మోసం చేస్తాయి. డాక్టరుకి చూపించుకుని అద్దాలు పెట్టించుకో."

కసిమీరో చొక్కా జేబు తడుముకున్నాడు.

"ఉన్నాయి పెద్దమ్మా" అన్నాడు. దాన్లోంచి గోధుమరంగు ఫ్రేము తీసి, రెండు చేతులతో చెవులకి తగిలించుకుని, మోసేవాళ్ళు వీధి మలుపు తిరిగి వచ్చి దానిమీద అడుగు పెట్టేదాకా తివాచీని చూస్తూ నిలబడ్డాడు.